గుణుపురం కొండల్లో షూటింగ్‌కి నిజం తుపాకీ తెచ్చుకోవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఒడిశా గుణుపురంలో కొంతమంది స్నేహితులు కలిసి ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. కథలో పోలీసులున్నారు, అడవిలో తిరిగే దళం ఉంది, చివర్లో వంశధార అవతల కొండ మీద ఎదురుకాల్పులున్నాయి. మీ మేనమామ బ్యాంకులో గన్‌మెన్, ఆయన దగ్గర డబుల్ బ్యారెల్ ఉంది. కొండ కింద ఊళ్ళో ఇంకొకాయన దగ్గర నాటు తుపాకీ ఉంది. తూటాలు తీసేసి ఒక్కపూటకి ఇస్తామని ఇద్దరూ అన్నారు. బొమ్మ తుపాకీ తెరమీద బొమ్మలాగే కనిపిస్తుంది కాబట్టి ఖాళీ తుపాకీ వాడితే తప్పేముంది అని మీ ప్రశ్న.

రెండూ తీసుకోవద్దు. ఒక్క షాట్‌కి కూడా వద్దు, క్లోజప్‌కి కూడా వద్దు. మీ కథలో ఉన్న సీన్లన్నీ చెక్క, ఫోమ్, ఫైబర్ డమ్మీలతో అయిపోతాయి. మంట, పొగ, చప్పుడు ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు. ఖర్చు కూడా మీరు భయపడుతున్నంత అవ్వదు. అయితే మీరు అడగనిది ఒకటుంది. డమ్మీ వాడితే సెట్ లోపల ప్రమాదం దాదాపు పోతుంది గానీ, మన జిల్లాల్లో సెట్ బయట కొత్త ప్రమాదం మొదలవుతుంది. కెమెరాని నమ్మించే డమ్మీ దూరం నుంచి చూసే జవానుని కూడా నమ్మిస్తుంది. దాని గురించి కింద వివరంగా రాశాను. మిగతాది పైపైన చదివినా అది మాత్రం పూర్తిగా చదవండి.

నాది పర్లాకిమిడి. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాపర్టీ, అంటే సీన్లలో వాడే సామాను, చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. తుపాకులున్న షూటింగుల్లో పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉండేది. అరకు వైపు, కోరాపుట్ వైపు, మన గజపతి జిల్లాలో తీసిన వాటికి కూడా పనిచేశాను కాబట్టి ఈ కొండల్లో వచ్చే చిక్కులు తెలుసు.

ముందు చట్టం, రెండు ముక్కల్లో. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషికి ఇస్తారు. మీ మామయ్య ఆ తుపాకీని లైసెన్సు లేని నటుడి చేతిలో పెడితే ఇద్దరూ ఇరుక్కుంటారు, ఆయన ఉద్యోగం కూడా పోవచ్చు. నాటు తుపాకీకి అసలు కాగితమే ఉండి ఉండదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే కనీసం రెండేళ్ళు, అయిదేళ్ళ దాకా శిక్ష. "సినిమా కోసమండీ" అంటే చట్టం ఊరుకోదు. ఇంకో సంగతి, బజారులో దొరికే బొమ్మ తుపాకీ గొట్టాన్ని డ్రిల్లు చేసి అందులోంచి ఏదైనా పేలేలా మార్చడం కూడా అదే చట్టం ఆరో సెక్షన్ కింద నేరమే. మీ టీమ్‌లో వెల్డింగ్ షాపు కుర్రాడు ఉన్నాడని రాశారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

చట్టం కంటే పెద్ద కారణం "ఖాళీ" అనే మాట. ప్రపంచంలో పేరు తెలిసిన షూటింగ్ ప్రమాదాలు చూడండి, అందరూ ప్రమాదం లేదనుకున్న తుపాకీతోనే జరిగాయి.

1984 అక్టోబరులో అమెరికాలో ఒక టీవీ సీరియల్ సెట్ మీద జాన్ ఎరిక్ హెక్సమ్ అనే 26 ఏళ్ళ నటుడు షాట్ల మధ్య విరామంలో బ్లాంక్ వేసిన రివాల్వర్‌ని కణతకి ఆనించి నొక్కాడు. బ్లాంక్‌లో గుండు ఉండదు. మందు ఉంటుంది, ఆ మందుని పట్టి ఉంచే అట్టబిళ్ళ ఉంటుంది. అంత దగ్గర్లో ఆ వేడి గ్యాసు, ఆ అట్ట చాలు. పుర్రె ఎముక విరిగి మెదడులోకి దిగింది, ఆరు రోజులకి చనిపోయాడు.

1993 మార్చి 31న బ్రాండన్ లీ చనిపోయిన తీరు మా పనిలో ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాలి. "ది క్రో" షూటింగ్‌లో రివాల్వర్ క్లోజప్ కావాలి. ఎదురుగా చూస్తే గుండ్లు కనబడాలి కాబట్టి నిజం తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీ తూటాలు తయారుచేశారు. మందు తీశారు గానీ అడుగున ఉండే ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే పేలి మందుని అంటించే చిన్న బిళ్ళ, తియ్యలేదు. ఎవరో ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ ప్రైమర్ బలానికే గుండు కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ వేసి ఇంకో సీన్‌కి కాల్చారు. ఇరుక్కున్న గుండుని బ్లాంక్ బయటికి తన్నింది. ఆ రోజు తుపాకీలో వేసింది బ్లాంకే, అయినా 28 ఏళ్ళ నటుడు పోయాడు.

2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో "రస్ట్" రిహార్సల్. సెట్‌లో నిజం తూటా ఉండకూడదన్నది మొదటి నియమం. అయినా ఉంది. ప్రమాదం లేని తుపాకీ అని గట్టిగా చెప్పి మరీ నటుడి చేతికిచ్చారు. అది పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయారు, దర్శకుడు జోయెల్ సౌజా గాయపడ్డారు. ఆయుధాల బాధ్యత చూసిన ఆర్మరర్‌కి 2024లో 18 నెలల జైలు పడింది. ఆ ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే "ది రూకీ" అనే పోలీసు సీరియల్ వాళ్ళు సెట్ మీద నిజం తుపాకులు పూర్తిగా మానేశారు. ప్లాస్టిక్ గుళికల ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు పట్టించి, మంటని కంప్యూటర్‌లో వెయ్యడం మొదలుపెట్టారు.

"రస్ట్" సెట్ మీద జీతం తీసుకుని తుపాకుల బాధ్యత చూసే మనిషి ఉన్నారు, రాతపూర్వక నియమాలున్నాయి. అన్నీ ఉండీ తప్పు జరిగింది. మీ సెట్ మీద ఆ మనిషే లేడు.

నాటు తుపాకీ గురించి విడిగా చెప్పాలి. దానికి గొట్టం ముందు నుంచి మందు, గుడ్డపీలిక, ఇనప రవ్వలు వేసి దట్టిస్తారు. వెనక నుంచి తెరిచి లోపల ఏముందో చూసే వీలుండదు. వేటకి వెళ్ళి ఏమీ దొరక్క తిరిగొచ్చినవాడు దట్టించిన మందు తియ్యకుండానే చూరులో దోపేస్తాడు. తడి తగలకపోతే ఆ తుపాకీమందు ఏళ్ళ తరబడి పాడవదు. ఇచ్చేవాడు అబద్ధం చెప్పనక్కర్లేదు, ఆయన తండ్రి దట్టించి వదిలేసినది ఆయనకే తెలియకపోవచ్చు.

ఇక బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుందన్న మీ భయం. ఆ భయం సహజమే, అలా కనిపించిన సినిమాలు నేనూ చూశాను. కానీ చాలాసార్లు తేడా తుపాకీలో ఉండదు, పట్టుకున్న చేతిలో ఉంటుంది.

బరువు. ఇన్సాస్ గానీ, ఎస్‌ఎల్‌ఆర్ గానీ, పాత త్రీ నాట్ త్రీ గానీ, ఏ రైఫిలైనా నాలుగు కిలోలకి అటూ ఇటూ ఉంటాయి. చెక్క డమ్మీ కిలో ఉంటుందేమో. నటుడు దాన్ని ఒంటి చేత్తో విసురుగా తిప్పేస్తాడు, భుజం మీద వేసుకుంటే భుజం కిందికి వాలదు, పరుగెత్తితే గాల్లో ఎగురుతుంది. చూసేవాడికి పేరు పెట్టి చెప్పడం తెలియకపోయినా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. నడిచే సీన్లకి, కాపలా సీన్లకి వాడే డమ్మీలో మధ్య పొరని తొలిచి ఇనప రాడ్డు పెట్టించండి. మూడు కిలోలు వస్తే చాలు, నటుడి నడకే మారిపోతుంది.

మెరుపు. షాపు నుంచి తెచ్చిన బ్లాక్ పెయింట్ నిగనిగలాడుతుంది, ఎండలో ప్లాస్టిక్‌లా కొడుతుంది. మ్యాట్ బ్లాక్ వేసి, పూర్తిగా ఆరాక పెన్సిల్ ముల్లుని అరగదీసిన పొడి గుడ్డతో రుద్దండి. ఇనుము రంగు వస్తుంది. చెయ్యి ఎక్కువ తగిలే చోట్ల ఇంకా రుద్దండి, అంచులు అరిగినట్టు కనిపిస్తాయి. చివర్లో కొంచెం ఎర్రమట్టి. మన కొండల్లో తిరిగిన తుపాకీ శుభ్రంగా ఉంటే ఎవరూ నమ్మరు.

పట్టీ. నిజమైన కాన్వాస్ స్లింగ్ వెయ్యండి. సగం పని అదే చేస్తుంది. తుపాకీ మీద చిన్న చిన్న మరలు చెక్కడానికి రెండు రోజులు కూర్చునే బదులు పాత సామాన్ల కొట్టులో మంచి పట్టీ వెతుక్కోండి.

వేలు. శిక్షణ ఉన్నవాడు కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడు, పక్కన చాచి ఉంచుతాడు. కొత్త నటుడు తుపాకీ ఇచ్చిన మరుక్షణం ట్రిగ్గర్‌లో వేలు దూరుస్తాడు. మీ చుట్టుపక్కల రిటైరైన జవాన్లు తప్పకుండా ఉంటారు. ఒకాయన్ని పిలిచి, డమ్మీలు చేతికిచ్చి, మీ నటులకి ఒక పూట నేర్పించమని అడగండి. ఎలా పట్టుకోవాలి, ఎలా కూర్చోవాలి, ఒకరి వెనక ఒకరు నడిచేటప్పుడు గొట్టం ఎటు చూడాలి. ఈ ఒక్క పూట మీకు ఏ ఖరీదైన డమ్మీ కంటే ఎక్కువ ఇస్తుంది. నిజాయితీగా చెబుతున్నాను, నేను పనిచేసిన వాటిల్లో బాగా వచ్చిన సీన్లన్నీ ఇలా నేర్చుకున్నవాళ్ళవే.

డమ్మీలు తయారుచేయించడం గుణుపురంలోనే అవుతుంది. అసలు కొలతలో పక్క నుంచి తీసిన బొమ్మని ఫ్లెక్స్ షాపులో ప్రింటు వేయించి, పలక మీద అతికించి, వడ్రంగి చేత కోయించండి. మూడు పలకలు పొరలుగా అతికిస్తే మందం సరిగ్గా వస్తుంది. గొట్టానికి పీవీసీ పైపు, చిన్న వివరాలకి ఎం-సీల్. త్రీ నాట్ త్రీకి ఒంటినిండా చెక్కే కాబట్టి అది అన్నిటికంటే తేలిక, మీ పోలీసు పాత్రలు పాతకాలం వాళ్ళయితే అదే ఎంచుకోండి. గొట్టం చివర రంధ్రం వేలి గోరంత లోతు ఉంటే చాలు, వెనక అంతా మూసి ఉండాలి. కెమెరాకి నల్లటి చుక్క కనిపిస్తుంది, పోలీసు చేతికిచ్చి చూపిస్తే అది కాల్చే వస్తువు కాదని ఆయనకి వెంటనే అర్థమవుతుంది.

పడటం, కొట్టుకోవడం, తుపాకీ మడమతో (భుజానికి ఆనించే వెనక భాగంతో) గుద్దడం ఉన్న సీన్లకి చెక్క, ఫైబర్ వాడకూడదు. ఒక సీరియల్ షూటింగ్‌లో ఫైటర్ ఒకరు ఫైబర్ డమ్మీతో కిందపడితే దాని అంచు పెదవికి తగిలి కుట్లు పడ్డాయి. తుపాకీ పేలితేనే ప్రమాదం అనుకునేవాళ్ళు ఇది మర్చిపోతారు. పెద్ద సినిమాల్లో దీనికోసమే రబ్బరు తుపాకులు పోతపోస్తారు. మీరు చెప్పుల సోళ్ళకి వాడే ఫోమ్ షీట్లు తెచ్చి, అదే ఆకారంలో కోసి, మధ్యలో సన్నటి వెదురు బద్ద పెట్టి అతికించుకోండి. బద్ద చివరలు బయటికి రాకూడదు. దూరం నుంచి, కదలికలో, ఎవరూ కనిపెట్టలేరు.

క్లోజప్‌కి ఒకటే ఒకటి మంచిది కావాలి. అది హైదరాబాద్ కృష్ణానగర్ వైపు ప్రాపర్టీ అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర ఫైబర్‌లో దొరుకుతుంది. అద్దె రసీదు మీద "కాల్చడానికి వీల్లేని డమ్మీ" అని రాయించుకోండి. తెచ్చేటప్పుడు తాళం వేసిన పెట్టెలో, రసీదు, మీ ఉత్తరం, ఫొటోలతో తీసుకురండి. విమానంలో చేతి బ్యాగులో బొమ్మ తుపాకీ కూడా పెట్టనివ్వరు. రైల్లో వస్తే స్టేషన్ స్కానర్ దగ్గరే ముందుగా చెప్పేయండి. వాళ్ళు కనిపెట్టాక చెప్పడం వేరు, మీరే ముందు చెప్పడం వేరు.

కాల్పుల సంగతి. మందు, పటాసు, దీపావళి రీలు తుపాకీ బిళ్ళలు, ఏవీ వద్దు. బరంపురం వైపు జాత్రా పార్టీలు (నాటక బృందాలు) స్టేజీ మీద చప్పుడు కోసం వాడటం చూసి చాలామంది అదే తేలిక అనుకుంటారు. చెవి దగ్గర పేలే చప్పుడు వినికిడిని శాశ్వతంగా దెబ్బతీస్తుంది, ఎండుగడ్డి మీద నిప్పురవ్వ పడితే కొండ అంటుకుంటుంది.

మీకు తెలియాల్సింది ఏమిటంటే, నిజంగా కాల్చినా కెమెరాకి మంట సరిగ్గా దొరకదు. తుపాకీ మంట సెకనులో కొన్ని వేల వంతుల సేపే ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేములు, ఫ్రేముకి యాభైయో వంతు షట్టర్ పెట్టి తీస్తే దాదాపు సగం సమయం కెమెరా కళ్ళు మూసుకునే ఉంటుంది. కొన్ని మంటలు అసలు పడవు, కొన్ని సగం గీతలా పడతాయి. అందుకే పెద్ద సినిమాల్లో బ్లాంకులు కాల్చినా మళ్ళీ కంప్యూటర్‌లో మంట వేస్తారు. ఒక ఫ్రేములో మంట, తర్వాతి రెండు మూడు ఫ్రేముల్లో పలచటి పొగ, అంతే. దీనికి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. పైగా పగటి ఎండలో మంట దాదాపు కనిపించనే కనిపించదు. మీ ఎదురుకాల్పులు పగలే కాబట్టి దుమ్ము, ఆకుల కదలిక, భుజం వెనక్కి తన్నడం, ఇవి చాలు. గుండు తగిలి నేల పేలినట్టు కావాలంటే కంప్రెసర్ గొట్టం మట్టిలో కప్పి గాలి వదలండి, నటుడికి దూరంగా. చొక్కా చిరిగినట్టు కావాలంటే ముందే కోసి, పలచగా కుట్టి, నైలాన్ దారంతో లాగండి.

భుజం తన్నడం నటుడే చెయ్యాలి. దానికి చప్పుడు సైగ కావాలి కదా అని కొందరు తుపాకీ చప్పుడుని స్పీకర్‌లో పెడతారు. మన కొండల్లో ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. అసిస్టెంట్ నోటితో "ఠప్, ఠప్" అంటే చాలు, డబ్బింగ్‌లో పోతుంది. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

రాయగడ, గజపతి, కోరాపుట్, మల్కన్‌గిరి. ఈ జిల్లాల్లో కొండ మీద తుపాకీ పట్టుకున్న మనిషి కనిపిస్తే జనానికి మొదట గుర్తొచ్చేది సినిమా కాదు. గుర్తొచ్చేది నక్సలైట్ల దాడులు: 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారం మీద, 2006 మార్చిలో ఆర్. ఉదయగిరిలో, 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో. మీ వయసు వాళ్ళకి ఇవి పాత కబుర్లు కావచ్చు. ఆ ఊళ్ళలో వాళ్ళకి, ఆ రోజుల్లో ఉద్యోగంలో ఉన్న పోలీసులకి కాదు. ఇప్పుడు బాగా తగ్గిందన్న మాట నిజమే, కానీ కూంబింగ్ పార్టీలు ఇంకా తిరుగుతాయి. ఆకుపచ్చ బట్టలు, భుజాన తుపాకీ, వరసగా నడుస్తున్న ఆరుగురు. దూరం నుంచి చూసే జవానుకి నిర్ణయించుకోవడానికి ఎంత సమయం ఉంటుందో మీరే ఆలోచించండి. ఊళ్ళో ముసలావిడకి కూడా మీరు నటులని తెలిసే దారి లేదు. ఆవిడ భయపడి పరుగెత్తి పడిపోయినా ఆ పాపం మనదే.

ఒక షూటింగ్‌లో మేం అన్ని అనుమతులూ తీసుకున్నాం. మధ్యాహ్నం భోజనాల వేళ దళం వేషంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, వేషం మార్చకుండా, డమ్మీలు దింపకుండా, రోడ్డు దాటి టీ కొట్టుకి వెళ్ళారు. అయిదు నిమిషాల పని. ఆ దారిన వెళ్తున్న బస్సు ఆగిపోయింది, లోపల పిల్లలు ఏడ్చారు, ఎవరో ఫోన్ చేశారు. పెట్రోలింగ్ జీపు వచ్చేసరికి మా మేనేజర్ ఉత్తరం పట్టుకుని చేతులు పైకెత్తి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఆ ఎస్సై నెమ్మదస్తుడు కాబట్టి, మమ్మల్ని ముందే చూసి ఉన్నాడు కాబట్టి ఏమీ జరగలేదు. కుర్రాళ్ళ చేతుల్లో ఉన్నది చెక్క.

ఇంకోసారి ఊళ్ళో కుర్రాడొకడు డమ్మీతో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. మర్నాడు ఉదయం వాళ్ళ ఇంటికి పోలీసులొచ్చారు. ఆ కుటుంబం పడిన టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. అప్పటి నుంచి నా సెట్‌లో డమ్మీతో సెల్ఫీ అంటే హీరోకి కూడా కుదరదని చెప్పేవాణ్ణి.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇదీ. ఒడియాలో ఒక ఉత్తరం రాయించండి. తేదీలు, సమయాలు, కొండ పేరు, ఊరి పేరు, ఎంతమంది, ఏ వేషాలు, ఎన్ని డమ్మీలు, ప్రతి డమ్మీ ఫొటో, బాధ్యుడి ఫోన్ నంబరు. అది మీ థానా (పోలీస్ స్టేషన్) ఐఐసీ బాబుకి, అంటే అక్కడి ఇన్‌స్పెక్టర్‌కి, స్వయంగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి, ఒక కాపీ ఎస్పీ ఆఫీసుకి. దగ్గర్లో బలగాల క్యాంపు ఉంటే వాళ్ళకి తెలియజెయ్యమని థానా వాళ్ళనే అడగండి, నేరుగా మీరు క్యాంపు గేటుకి వెళ్ళకండి. అటవీ భూమి అయితే అటవీ శాఖ అధికారి డీఎఫ్‌ఓ అనుమతి వేరేగా కావాలి. డమ్మీలు థానాకి పట్టుకెళ్ళి చూపించండి. ఐఐసీ వద్దన్న రోజు, వద్దన్న చోటు ఉంటే వాదించకండి, ఆయనకి తెలిసినవి మీకు చెప్పలేకపోవచ్చు.

తర్వాత సర్పంచ్‌ని కలవండి. ముందు రోజు సాయంత్రం ఊళ్ళో చాటింపు వేయించండి, ఒడియాలోనూ, సవర ఊరైతే సవరలోనూ. మీ టీమ్‌లో ఆ భాష వచ్చినవాడు లేకపోతే ఆ ఊరి కుర్రాడినే కూలి ఇచ్చి షూటింగ్ అంతా వెంట ఉంచుకోండి. కొత్తగా ఎవరు వచ్చినా అతనే ఎదురెళ్ళి చెబుతాడు. సంత రోజు పెట్టుకోకండి, దారులన్నీ జనంతో ఉంటాయి. చీకటి పడ్డాక తుపాకీ సీన్లు తియ్యకండి. రాత్రి సీన్ తప్పనిసరైతే నాలుగు గోడల మధ్య తియ్యండి.

సెట్ మీద ఒక్కడే డమ్మీలకి బాధ్యుడు. నటించేవాడు వద్దు, దర్శకుడు అసలే వద్దు. ప్రతి డమ్మీ మడమ మీద అంకె. షాట్‌కి ముందు లెక్కపెట్టి ఇవ్వాలి, కట్ చెప్పగానే వెనక్కి తీసుకుని గొట్టం చివర నారింజ టేపు చుట్టాలి. చుట్టూ ఉన్నవాళ్ళకి అది డమ్మీ అని ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. పక్కన ఒక బ్యానర్, "సినిమా షూటింగ్" అని ఒడియాలో పెద్ద అక్షరాలతో, దారి మలుపులోనే. వేషాలు లొకేషన్‌లోనే వేసి లొకేషన్‌లోనే విప్పాలి.

డమ్మీ అని తెలిసినా మనిషి మొహానికి గురిపెట్టించకండి. నటుడి భుజానికి ఒక అడుగు పక్కకి గురి పెట్టించి, కెమెరాని పక్కకి జరిపి, జూమ్‌లో తీస్తే సూటిగా గురిపెట్టినట్టే ఉంటుంది. ఈ అలవాటు మీకు ఇప్పుడే పడితే, రేపు మీలో ఎవరైనా పెద్ద సినిమాల్లోకి వెళ్ళి నిజంగా బ్లాంకులు పేలే సెట్ మీద నిలబడినప్పుడు అదే పనికొస్తుంది.

చివరగా అందరూ మర్చిపోయే పని. షూటింగ్ అయిపోయిందని కూడా థానాకి, సర్పంచ్‌కి చెప్పాలి, ఆ సాయంత్రమే. చెప్పకపోతే, తర్వాత వారం నిజంగా తుపాకులతో ఎవరైనా ఆ కొండ మీద కనిపించినా "ఆ సినిమా కుర్రాళ్ళే" అని ఊరుకుంటారు. బ్యానర్లు విప్పేయండి. ఫోమ్‌వి చింపేయండి, చెక్కవి ఉంచుకోవాలనుకుంటే గొట్టం విడదీసి తాళం వేసిన పెట్టెలో పెట్టండి, స్నేహితులకి పంచకండి. అద్దె డమ్మీ అద్దెకిచ్చినవాళ్ళకి చేరాక ఆ రసీదు కాపీ కూడా ఉత్తరంతో పాటు దాచుకోండి.

మీ షాట్ లిస్ట్ ఇక్కడ పెడితే ఏ సీన్‌కి చెక్క, ఏ సీన్‌కి ఫోమ్ సరిపోతుందో, మొత్తం ఎన్ని చేయించుకోవాలో చూసి చెబుతాను.